కొత్త నూతి ఎర్ర గీత

నీలంవలసకి రెండు నూతులు. పాత నుయ్యి ఊరు పుట్టినప్పటిది. దాని నీళ్లు ఉప్పన. కందిపప్పు పొద్దున్న పొయ్యెక్కిస్తే పొద్దు నడినెత్తికొచ్చినా పలుకు పోదు. తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచులా నిలబడుతుంది. కొత్త నుయ్యి పంచాయితీ ప్రెసిడెంటు నరసింగరావు బ్లాకువాళ్ల సొమ్ముతో తవ్వించినది. దానికి సిమెంటు ఒర, చుట్టూ గచ్చు. కొబ్బరికాయ కొట్టడానికి పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. గెడ్డ వాగు వార, పశువుల సాలకి దిగువన తవ్వారేమిటని ఒకరిద్దరు ముసలాళ్లు గొణిగారు గాని, నీళ్లు తాగి చూశాక వాళ్ల నోళ్లూ మూతపడ్డాయి. అంత తియ్యటి నీళ్లు. ఏడాది తిరిగేసరికి పాత నూతి గట్టు మీద గడ్డి మొలిచింది.

అరవై ఎనిమిదిలో ఆషాఢం వానలు పట్టుకున్నాక ఊళ్లో వాంతులు, బేదులు మొదలయ్యాయి. ముందు సూరయ్య తల్లి పోయింది. పండుటాకు కదా అనుకున్నారు. వారం తిరక్కుండా ఆ ఇంట్లోనే ఆడుకునే పిల్ల పోయింది. ఈసారి ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకోడానికి భయమేసింది.

అప్పుడొచ్చాడు హెల్తు ఇన్స్‌పెక్టరు, సైకిలు మీద, వెనకాల చెక్కపెట్టె కట్టుకుని. పెట్టెలోంచి గాజుసీసాలు తీసి, మెడకి దారాలు కట్టి, రెండు నూతుల్లోకీ దింపి, నీళ్లు నింపి, బిరడా బిగించి లక్క వేశాడు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లందరూ బిందెలు చంకన పెట్టుకుని చోద్యం చూస్తున్నారు. అడిగింది మాత్రం దేముడమ్మ ఒక్కతే. ఆమెకి నలభై దాటి ఉంటాయి. మొగుడు పోయాక మూడు ఎకరాల పల్లం, ఒక కొడుకు, ఒక జత ఎద్దులు, అన్నిటినీ ఒక్క గొంతుతో అదిలించుకొస్తున్న మనిషి.

"బావూ, నీల్లకి లక్కేటికి? పారిపోతాయేటి?"

"పరీక్షకమ్మా. విశాఖపట్నం పంపిస్తాం. మంచివో కావో తేలుతుంది."

"తేలినాక మాకు సెప్తారా?"

"చెప్పకేం" అని ఇన్స్‌పెక్టరు సైకిలెక్కాడు.

తరవాత ఊడుపులొచ్చాయి. వాన పడుతూ తెరిపిస్తూ ఉంటే ఊరు ఊరంతా మోకాళ్ల బురదలో వంగి ఉంది. అలాంటి ఒక పట్టపగలు, వీధుల్లో కుక్క కూడా లేని వేళ, ఎవడో రంగుడబ్బా, కుంచె పట్టుకొచ్చి కొత్త నూతి ఒర చుట్టూ బెత్తెడు వెడల్పున ఎర్ర గీత గీసి పోయాడు. ఒక అక్షరం రాయలేదు. ఒకరితో చెప్పలేదు. చూసింది మంత్రసాని జగ్గమ్మ ఒక్కర్తే. ఆమెకి చూపు సగమే.

సాయంత్రం పొలాల నించి వచ్చినవాళ్లు నూతి చుట్టూ మూగారు. జగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి సంగతి చెప్పింది.

"ఏటి నాయినా అదీ అనడిగినాను. సర్కారు గురుతు ముసలమ్మా అన్నాడు. ఎండన పడొచ్చినాడు గదాని, ఈ నూతి నీల్లే ముంతతో ముంచిచ్చినాను. సూసీ సూడంగానే, వద్దులే, దాహం తీరిపోనాదన్నాడు. ముంత అందుకోకుండా దాహమెలా తీరిపోనాదో! నా కులం అడక్కుండానే కనిపెట్టినాడు."

"పోన్లే అప్పా, అలాటోల్లుంటారు" అన్నారు మిగతావాళ్లు. జగ్గమ్మ ముంత ముట్టుకోనివాళ్లు ఆ ఊళ్లోనే బోలెడు మంది. అందుకని ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఇంక మిగిలింది గీత. దాని అర్థం వెతుక్కోడానికి ఊరివాళ్లు ఎక్కువ దూరం పోలేదు. ఏటా మలేరియావాళ్లు వస్తారు. ఇంటింటికీ తెల్లమందు కొడతారు. కొట్టిన ఇంటి గోడ మీద జేగురురంగుతో గుర్తు వేస్తారు. గుర్తు ఉన్న ఇల్లు పనైపోయిన ఇల్లు, దోమల భయం తీరిన ఇల్లు. గుర్తు లేదంటే ఇంకా రావాలని. సర్కారు రంగు సంగతి నీలంవలసకి తెలిసింది అంతవరకే.

"ఇందల మందేసినారన్నమాట" అంది దేముడమ్మ. "పాతదానికి ఎయ్యలేదు, అందుకే గీత గియ్యలేదు."

"ఎరుపేటే మరి? ఎరుపంటే..." అని ఎవరో సాగదీశారు.

"ఎరుపంటే ఏటి? మీ మొకాన ఉన్నది పచ్చా నీలమా? ఊరికి రోగమొస్తే అమ్మోరికెట్టేది ఎరుపే, పెల్లికెట్టేదీ ఎరుపే. సర్కారోడికి ఆమాత్రం తెలీదేటి?"

ఆ మాటతో అందరి మనసూ కుదుటపడింది. మర్నాడు పొద్దున్న దేముడమ్మే పసుపు తెచ్చి గీత పొడుగునా రాసి, వరసగా కుంకం బొట్లు పెట్టింది. అప్పటిదాకా అటూ ఇటూ వెళ్లేవాళ్లు కూడా పాత నుయ్యి పూర్తిగా మానేశారు.

దేముడమ్మ ఇంట్లో అప్పుడు బాలింత ఉంది. కోడలు లక్ష్మణమ్మ. పరాయిపిల్ల కాదు. పాతపట్నం దగ్గర ఊళ్లో ఉన్న దేముడమ్మ అన్న కూతురు. తల్లి చిన్నప్పుడే పోవడాన పురుడు అత్తవారింటే పోశారు. ఆడపిల్ల పుట్టింది. దేముడమ్మ పెదవి విరుస్తుందని వీధి కాచుక్కూచుంది గాని, ఆమె మనవరాలిని ఎత్తుకుని "నా అత్త మల్లీ పుట్టినాది, ఇంక నాను నోరెత్తకూడదు" అని నవ్వింది.

ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతోంది. ఆ రోజున పిల్లని ఉయ్యాల్లో వేసి, తల్లి చేత నూతిలో చేద వేయిస్తారు. పురుటి మంచం మీంచి లేచిన ఆడది మళ్లీ ఇంటి పనిలో పడిందనడానికి అదే గుర్తు. నూతి ఒరకి పసుపు రాసి, శనగలు వాయనమిచ్చి, తనే చేద దింపి, తనే తోడి, మొదటి దోసెడు తాగాలి. అప్పటిదాకా బాలింతకి కాచిన నీళ్లే, అదీ నాలుక తడిపేటంత. పచ్చినీళ్లు నోట పడేది ఆ పొద్దే.

"ఏ నూతిలో ఏయిస్తావే?" అని దేముడమ్మనడిగింది జగ్గమ్మ, పిల్లకి నూనె మర్దనా చేస్తూ. "మీయత్త ఏసింది పాతదాన్లోనే. నువ్వేసిందీ పాతదాన్లోనే. నీ పెనిమిటి పుట్టినప్పుడు సేద జారి నూతిలో పడిపోతే గాలమేసి తీసినాము."

"ఆ ఉప్పునీల్లు నాను తాగను" అంది లక్ష్మణమ్మ మంచం మీంచి. "ఇన్నాల్లూ ఏన్నీల్లు తాగి తాగి నోరు సవి సచ్చిపోనాది. కొత్త నూతి నీల్లు సల్లగా, ఒక సెంబుడు... అత్తా, నీకు పుణ్యముంటాది."

"ఒసే, దోసెడన్నారే, సెంబుడని ఎవులన్నారు?" అని కసిరింది దేముడమ్మ. కానీ ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు. ఇవ్వాలనిపించింది.

ఇవ్వాలనిపించాకే గుబులు కూడా మొదలైంది. సూరయ్య ఇంట్లో ఇద్దరు పోయారు. వాళ్లిల్లు కొత్త నూతికి కూతవేటు. మందు వేశారనే అనుకుందాం. వేసిన సంగతి చెబుతానన్న మనిషి ఎందుకు రాలేదు? గుర్తు వేసినవాడు కూడా ఊరు లేనప్పుడే వచ్చి ఎందుకు పోయాడు? అలా కొట్టుమిట్టాడి, ముందు నరసింగరావు ఇంటికెళ్లింది.

ఆయన పడక్కుర్చీలో పొగచుట్ట కాలుస్తున్నాడు. దేముడమ్మ గుమ్మం కింద నిలబడి అడిగింది.

"నూతికేటొచ్చిందే దేముడమ్మా, బంగారం లాటి నుయ్యి. నాను తవ్వించిన నుయ్యి."

"నుయ్యి బాగున్నాది బాబూ. గీత సంగతి."

"గవర్నమెంటోల్లు ఏసినారు. గవర్నమెంటు నీ సెడు కోరుకుంటాదేటి?"

"మరి మీకేటైనా కాయితం వొచ్చిందా?"

నరసింగరావు చుట్ట నోట్లోంచి తీశాడు. "సూడు. ఊరిలో లేని రోగం ఉన్నాదని ఎవులైనా కూస్తే రేపు సంత మూసేస్తారు. మన ఊరి పిల్లని ఎవులూ సేసుకోరు, మన ఊరికి పిల్లనెవులూ ఇవ్వరు. నోరు కట్టుకుని పో."

ఆయన ఇంటి పెరట్లో ఆయన నుయ్యి ఆయనకుంది. ఆ సంగతి దేముడమ్మకి వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి కొడుకుతో చెప్పింది, "టౌనుకెల్లి ఆఫీసులో అడిగొస్తాను."

అప్పలసూరి ఎద్దుకి కుడితి పెడుతున్నాడు. "నీకెవులు సెప్తారే అమ్మా? రైతు పన్ను కట్టడానికెల్తేనే మొకం సూడరు. నీల్ల ఊసెత్తితే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. అడిగితే నోరరిగిపోద్దేటి?"

మర్నాడు పొద్దున్న నూకలు మూట కట్టుకుని బస్సెక్కింది. తాలూకా టౌనులో హెల్తు ఆఫీసు ముందు మధ్యాహ్నం దాకా నిలబడింది. బంట్రోతు ఒకసారి దొరగారు లేరన్నాడు, ఒకసారి ఉన్నారు గాని తీరిక లేదన్నాడు. చివరికి వాన జోరెత్తి వరండా తడిసిపోతుంటే ఆమెకి లోపలికి రాక తప్పలేదు, వాళ్లకి రానివ్వక తప్పలేదు.

మూల బల్ల దగ్గర గుమస్తా. పేరు కూర్మనాథం అని పక్క బల్ల వాళ్లు పిలుస్తుంటే తెలిసింది. ముప్పై ఏళ్లుంటాయి. నుదుట విభూతి, కళ్లద్దాలు, చొక్కా కాలరు చిరుగు, మెత్తటి మాట.

"ఏ ఊరమ్మా?"

"నీలంవలస, బావూ."

ఆయన కలం ఆగింది. "ఏం కావాలి?"

"మా నూతి నీల్లు సీసాల్లో అట్టుకెల్లినారు. అయ్యేటైనాయో కనుక్కుందావని."

పక్క బల్ల గుమస్తా కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "పరీక్ష పాసైతే పేపర్లో నెంబరేస్తారులే, పో."

నలుగురూ నవ్వారు. కూర్మనాథం నవ్వలేదు. "రిపోర్టు వచ్చిందమ్మా. పైకి రాశాం. పైనుంచి ఆర్డరు రావాలి."

"పైకెల్లింది సరే. ఎల్లకముందు తవరు సూసుంటారు గదా?"

"చూశాను."

"మరి సెప్పండి."

"అది గవర్నమెంటు కాగితం. బయటివాళ్లకి చెప్పకూడదు."

దేముడమ్మకి ఆ మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "నుయ్యి మా ఊరిది. నీల్లు మా కడుపులోయి. నానేటి బయటిదాన్ని బావూ?"

పెద్ద బల్ల దగ్గర హెడ్డు గుమస్తా గొంతు సవరించుకున్నాడు. కూర్మనాథం చూపు అటు పోయి వచ్చింది.

దేముడమ్మ మూట కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, గొంతు తగ్గించింది. "ఎల్లుండి మా కోడలి సేత సేద ఏయిస్తన్నాము. బాలింత. పాలిచ్చే పిల్ల. ఎర్ర గీత నూతిలో పచ్చినీల్లు తాగుతాది. ఎయ్యొద్దంటే ఇప్పుడే మానేస్తాను. సెప్పక్కర్లేదు. తలూపండి సాలు."

కూర్మనాథం తల వంచుకుని కూర్చున్నాడు. వాన చూరు మీంచి ధారగా పడుతోంది. ఆయన చెయ్యి బల్ల మీది సిరాబుడ్డి మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. తల ఊగలేదు. ఇటూ లేదు, అటూ లేదు.

దేముడమ్మ చాలాసేపు ఆ మొహం చూసింది. తరవాత ఆమె గుండె తేలికపడింది.

ఆమె పుట్టి పెరిగిన లోకంలో ఒక ఆనవాయితీ ఉంది. నూతిలో పిల్లి పడి చచ్చిందనుకోండి. అది చూసినవాడు ఎవడైనా, పగవాడైనా సరే, వీధిలో కేకేసి చెబుతాడు. ఆస్తి తగాదాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు కూడా నీళ్ల దగ్గర ఆ మాట చెప్పకుండా పోరు. అలాంటిది, పాలిచ్చే తల్లి తాగబోతోందని నోరు విడిచి చెప్పాక కూడా ఒక మనిషి, విభూతి పెట్టుకున్న మనిషి, చెడ్డ నీళ్లని తెలిసీ ఊరుకుంటాడా? ఊరుకున్నాడంటే భయం లేదనే. పెద్దాయన ముందు పెదవి విప్పకూడదు గనక విప్పలేదు, అంతే.

"సల్లగుండు నాయినా" అంది. "పిల్లా పాపలతో సల్లగుండు."

కూర్మనాథం తలెత్తి ఏదో అనబోయినట్టు చూశాడు. హెడ్డు గుమస్తా పిలిచాడు. ఆయన లేచి వెళ్లాడు. దేముడమ్మ మూట ఎత్తుకుని బస్సుకి నడిచింది. దారిలో మనవరాలికి నల్లపూసల గొలుసు కొన్నది.

చేద వేసే రోజు వాన తెరిపిచ్చింది. అయిదుగురు ముత్తయిదువలు వచ్చారు. ఎదురింటి అమ్మడు వాళ్లలో ఒకతె. ఆమెకి కూడా చంటిపిల్లాడే. దేముడమ్మ విధవ గనక దూరంగా నిలబడి పనులు పురమాయిస్తోంది. లక్ష్మణమ్మకి తలంటి, పసుపంచు చీర కట్టి, చెవుల్లో దూది పెట్టి తెచ్చారు. వాన వెలిసిన ఎండకి ఆ పిల్ల మొహం పాలిపోయి, కొత్తగా ఉంది. ఒరకి పసుపు రాసింది. బొట్లు పెట్టింది. చేద దింపింది.

"మెల్లగే, నడుం పడతాది" అంది జగ్గమ్మ.

"నీ మొగుడు కనిపెట్టుకునున్నాడు, జారి పడితే గాలమేస్తాడులే" అని అమ్మడు ఎకసెక్కమాడింది. అందరూ నవ్వారు. దూరంగా సాల దగ్గర నిలబడ్డ అప్పలసూరి సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు.

లక్ష్మణమ్మ తోడి, దోసెడు పట్టి తాగింది. ఇంకో దోసెడు తాగింది. మూడోది పట్టబోతుంటే జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తా" అని నవ్వింది ఆ పిల్ల, గడ్డం మీంచి నీళ్లు కారుతుంటే. "పానం లేచొచ్చినాది."

మర్నాడు బాగానే ఉంది. ఆ మర్నాడు కోడి కూసే వేళకి పెరట్లోకి వెళ్లి, గోడ పట్టుకుని వచ్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి గుమ్మంలోనే కూలబడింది. వాంతి. బియ్యం కడిగిన నీళ్లలా బేది. పొద్దెక్కేసరికి కళ్లు గుంటలు పడి, గొంతు పోయి, వేళ్లు నీళ్లలో నానినవాటిలా ముడతలు పడ్డాయి. చంటిదాన్ని అమ్మడి ఒళ్లో పడేసి, బండి కట్టి, గడ్డి మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. గెడ్డ పొంగి ఉంది. ఎద్దుల మెడల దాకా నీళ్లు. అప్పలసూరి దిగి కాడి పట్టుకుని ఈదినట్టు దాటించాడు. వెనక బండిలో దేముడమ్మ కోడలి కాళ్లు రాస్తూ, "సూడవే, నా వేపు సూడవే" అంటూనే ఉంది.

ఆస్పత్రిలో మంచాలు లేవు. వరండాలో పడుకోబెట్టారు. అక్కడ అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు, ఏ ఊళ్లవాళ్లో. సెలైను సీసాలు అయిపోయాయి, వస్తున్నాయన్నారు. కాంపౌండరు వచ్చి నాడి చూసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గొంతులో పొయ్యమన్నాడు. పోస్తే పోసినట్టే బయటికొచ్చింది.

"ఏ నీళ్లు తాగింది?" అని అడిగాడు.

"కొత్త నూతి నీల్లు బాబూ. మీవోల్లు మందేసిన నుయ్యే. ఎర్ర గీత గీసినారు."

కాంపౌండరు దేముడమ్మ వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎర్ర రంగేసిన నూతి నీళ్లు తాగించారా? ఎరుపేస్తే తాగొద్దని కదా! చంటిపిల్లల్నడిగినా చెప్తారు."

ఆయన పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయాడు. అదేమంత పెద్ద మాట కాదన్నట్టు వెళ్లాడు. టౌనులో అందరికీ తెలిసిన మాట. నీలంవలసలో తెలియని మాట.

దేముడమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది. తను రాసిన పసుపు, తను పెట్టిన బొట్లు, తను పురమాయించిన ముత్తయిదువలు. ఏడుపు రాలేదు. గిన్నె కింద పెట్టి కోడలి తల ఒళ్లోకి తీసుకుంది.

సెలైను సాయంత్రం వచ్చింది. లక్ష్మణమ్మ దానికంటే ముందే పోయింది. డాక్టరు వచ్చి చూసి, బాలింత జబ్బని రాయించి, బేగి తీసుకెళ్లిపొమ్మన్నాడు.

"బాలింత జబ్బేటి బాబూ?" అని అప్పలసూరి అడిగాడు. 

"అలాగే రాయాలి. గొడవ చెయ్యకు."

అప్పలసూరి బండి తిప్పడానికి వెళ్లినప్పుడు, ఆస్పత్రి గేటు దగ్గర గొడుగు కింద ఒక మనిషి కనిపించాడు దేముడమ్మకి. కూర్మనాథం. ఎంతమంది చేరారో ఎంతమంది పోయారో లెక్క పట్టుకెళ్లడానికి ఆఫీసు ఆయన్నే పంపుతుందట. వరండాలో దుప్పటి కప్పి ఉన్నది చూశాడు. దేముడమ్మని చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. గొడుగు మూసి వానలో నిలబడ్డాడు.

"తెలుసా నీకు?" అంది దేముడమ్మ. తవరు అనే మాట ఆమె నోటికి రాలేదు.

"తెలుసమ్మా."

"ఆ పొద్దు తెలుసా?"

"తెలుసు. ఆ కాగితం పైకి రాసింది నేనే." మూసిన గొడుగు చేతులు మార్చుకుని అన్నాడు, "తాగరాదని నూతి దగ్గర బోర్డు పెట్టాలని ఇన్స్‌పెక్టరు రాశాడు. ఊరు బెదిరిపోతుంది, ఆర్డరొచ్చేదాకా మాటలేమీ వద్దని పైవాళ్లన్నారు. రంగు మటుకు వేయించాడు. రంగు చూసి తెలుసుకుంటారనుకున్నాం."

"నాను తలూపమన్నాను. మాట కూడా అడగలేదు."

"ఉద్యోగం పోతుందమ్మా. ఇద్దరు పిల్లలు. పైగా అక్కడ వాళ్లంతా..." ఆయన కళ్లద్దాల మీద వాననీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "నా పేరు ఎక్కడా చెప్పకు తల్లీ."

దేముడమ్మ ఆయన్ని తిట్టలేదు. తిట్టడానికి ఆమె దగ్గర మాటలకి కొదవ లేదు. సంతలో దళారులని తిట్టిన తిట్లు ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. కానీ ఆ పొద్దు ఈయన మౌనాన్ని మంచిమాటగా మార్చుకుని ఇంటికి మోసుకుపోయింది తనే గదా అనిపించింది. "సల్లగుండు" అని దీవించింది కూడా తనే.

బండి వచ్చింది. ఎక్కించారు.

దహనమైన మర్నాడు పొద్దున్నే దేముడమ్మ కొత్త నూతి దగ్గరికి వెళ్లి ఒరకి వీపానించి నిలబడింది. వచ్చినవాళ్లకల్లా చెప్పింది. తాగొద్దు. పాతదాన్లోకి పొండి. ఎరుపంటే ఒద్దని.

సగం మంది నమ్మారు. సగం మంది, పాపం దుఃఖంలో ఉంది, మతి చలించిందనుకున్నారు. అప్పుడు ఊరిని నమ్మించినదీ ఈమే, ఇప్పుడు కాదంటున్నదీ ఈమే. "మొన్న మందేసినారన్నావు గదేటి?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. దేముడమ్మ పైట బిగించి, ఒరకి ఇంకా గట్టిగా ఆనుకుంది.

తలయారిని పిలిచి దండోరా వెయ్యమంది. "మునసబు గారి ఆర్డరు నేకుండా డప్పు ముట్టుకుంటే నా వతను కొలువు పోతాది అప్పా" అని చేతులు జోడించాడు.

ఎండ పైకొచ్చాక నరసింగరావు తనే వచ్చాడు, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని.

"ఏటే ఇది? పీనుగింట్లో ఉండాల్సిందానివి నూతి కాడేటి పని?"

"నీల్లు సెడ్డయి బాబూ. తవరికి తెలుసు."

"ఎవులు సెప్పినారు? కాంపౌండరా? మనిషిని పంపి కనుక్కున్నాను. నానేటీ అనలేదన్నాడు. ఆస్పత్రోల్లే బాలింత జబ్బని రాసినారు. ఆల్లకంటే నీకెక్కువ తెలుసా? పుకార్లు పుట్టించినందుకు పోలీసులకి రాస్తే లోపలేస్తారు, నీ కొడుకుని కూడా."

దేముడమ్మ నాలిక చివర ఒక పేరు ఉంది. వానలో తడుస్తూ, కళ్లద్దాలు తుడుచుకోని మనిషి పేరు. చెబితే ఏమవుతుంది? ఆయన కాదంటాడు. లేదా ఔనని ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కాదనే మనిషే అనిపించింది. అలాంటి మనిషి మాట మీద ఊరిని నిలబెట్టడం తన వల్ల కాదు.

నరసింగరావు వెళ్లిపోయాక అమ్మడు బిందెతో వచ్చింది. చంకలో ఒకవైపు బిందె, ఇంకోవైపు తన పిల్లాడు. లక్ష్మణమ్మ పిల్ల ఆమె ఇంట్లోనే ఆమె పాలు తాగి నిద్రపోతోంది. అమ్మడు వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ రోజు చేద వేసినప్పుడు ఎకసెక్కమాడిన మనిషి. ఇప్పుడు కళ్లెత్తడం లేదు.

"పిన్నీ, మీ అల్లుడు తిడతన్నాడు. ప్రెసిడెంటు గారితో మనకేటికి, ఆ నీల్లే తెమ్మన్నాడు. పాత నూతి నీల్లతో గంజి కూడా సరిగ్గా కాగదని..." ఆగింది. "నిజం సెప్పు. ఎవులు సెప్పినారు నీకు?"

"నా కోడలు సెప్పింది" అంది దేముడమ్మ.

 అమ్మడు పిల్లాణ్నీ బిందెనీ చంకలు మార్చుకుని, పాత నూతి వైపు నడిచింది. ఆమె వెనక మరో ఇద్దరు వెళ్లారు. ఇంకొకావిడ వెళ్లలేదు. దేముడమ్మని తప్పుకోమనీ అనలేదు. బిందె గచ్చు మీద పెట్టి, పక్కన కూర్చుని, ఎదురుచూడ్డం మొదలుపెట్టింది.

పొద్దు వాలేదాకా దేముడమ్మ కదల్లేదు. చీకటి పడబోతుంటే అప్పలసూరి వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. రెండు రోజులై మెతుకు ముట్టలేదు. జగ్గమ్మ కలిపి పెట్టిన అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద ఎత్తింది. అప్పుడు గెడ్డ వైపు నించి కొత్త నూతి గిలక కిర్రుమంది. ఒకసారి, ఇంకొకసారి.

ముద్ద కంచంలో పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే లేచి, దేముడమ్మ మళ్లీ వీధిలోకి నడిచింది.